బాక్సులు కొనాలా, పాట కలపడం నేర్చుకోవాలా?

డీజే కావాలనుకుంటున్న ఒక తమ్ముడు జగిత్యాల వైపు నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు. వయసు 23. డిగ్రీ అయ్యాక సెల్‌ఫోన్ల దుకాణంలో చేరాడు. జీతం 14 వేలు. మేనత్త కొడుకు, అంటే వరసకు బావ, పదేళ్లుగా సౌండ్ సర్వీస్ నడుపుతున్నాడు. సెలవు దొరికితే చాలు, ఈ తమ్ముడు బావ బండెక్కి బరాత్‌లకు పోయేవాడు. వైర్లు చుట్టడం, బాక్సులు ఎక్కించడం, జనరేటర్‌లో డీజిల్ చూడడం అతని పని. ఒక రాత్రి బావ అన్నం తినడానికి పోతూ "జర చూస్కో" అని ల్యాప్‌టాప్ అప్పగించాడు. ఆ ఇరవై నిమిషాల్లో ఒకచోట రెండు పాటలు దరువు తప్పకుండా అతుక్కున్నాయి. ఆడుతున్న జనం ఆగలేదు, పాట మారిందని కూడా గమనించలేదు. "అన్నా, ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు" అని రాశాడు.

ఇప్పుడు బావ కొత్త సామాను దింపుతున్నాడు. పాత సెట్టు ఇతనికి ఇస్తానన్నాడు. అందులో రెండు సీడీ ప్లేయర్లు, ఒక మిక్సర్, ఆంప్లిఫయర్, రెండు బేస్‌లు, రెండు టాప్‌లు ఉన్నాయి. "బయటోళ్లకైతే లక్షా నలభై, నీకు కాబట్టి లక్షా పది" అన్నాడట. తమ్ముడు దాచుకున్నది 34 వేలు. మిగతా 76 వేలకు దారి, బాపు పేరు మీద నడుస్తున్న లక్ష రూపాయల చీటీ. నెలకు 5 వేలు, 20 నెలలు. ఏడు నెలలు కట్టారు. ఇప్పుడు పాడితే 24 వేలు తగ్గించుకోవాలి. బాపు టైలర్. ఒకే మాట అన్నాడట: "లగ్గాల సీజన్ మూడు నెల్లు, చీటీ ఇంకా పదమూడు నెల్లు." ఆ మాట దగ్గర ఇంట్లో చర్చ ఆగిపోయింది. అలాగని బావకు కాదని చెప్పడమూ కష్టమే. పోయినేడాది చెల్లెలి పెళ్లికి సౌండంతా ఆయనే పెట్టాడు, రూపాయి తీసుకోలేదు.

స్నేహితుల్లో ఒకడు ఫోన్లో యాప్ చాలంటాడు. ఇంకొకడు ఫలానా కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపే మీటల పెట్టె) లేనివాడు డీజేనే కాదంటాడు. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. పాటలు కలపడానికి పనికొస్తుందని 2,800 పెట్టి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కూడా కొన్నాడు. ప్రశ్నలు మూడు: బావ సెట్టు కొనాలా? లేకపోతే ఏది కొనాలి? బాపుకు ఏం చెప్పాలి?

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది, నువ్వు రెండు వేరు వేరు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నావని. మన వైపు అందరమూ అంతే. బండి మీద ఎత్తుగా పేర్చిన బాక్సులను డీజే అంటాం, వాటి వెనక నిలబడ్డవాణ్నీ డీజే అంటాం. మీ బావది సౌండ్ అద్దెకిచ్చే వ్యాపారం. అందులో పెట్టుబడి బాక్సులు, బొలెరో, జనరేటర్, నలుగురు కుర్రాళ్ల కూలి, వానొస్తే కప్పడానికి టార్పాలిన్. నీకు నిద్ర పట్టకుండా చేసింది ఆ రెండు పాటల అతుకు. బాక్సుల వ్యాపారానికీ ఆ అతుకుకీ సంబంధం లేదు. మీ బావ పదేళ్లలో మంచి పేరు తెచ్చుకుని ఉంటాడు కానీ, ఆ ఇరవై నిమిషాల్లో నువ్వు చేసింది ఆయన రోజూ చేస్తాడా? చేయనక్కర్లేదు కూడా. ఒక పాట అయిపోగానే ఇంకోటి పెడితే బరాత్ నడుస్తుంది.

లక్షా పదివేలలో ఎక్కువ భాగం నువ్వు ఆ మొదటి వ్యాపారానికి పెడుతున్నావు. అది చెడ్డదని కాదు, దాని లెక్క వేరు. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45 పరిమితి. రెండు బేస్‌లు పెట్టి 55లో ఆపడం ఎవరి వల్లా కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్‌ను నిషేధించారు. నీ ఊళ్లో ఇవాళ ఎవరూ అడగకపోవచ్చు. కానీ అడిగిన రోజు స్టేషన్‌కు పోయేది బాక్సులు, వాటి యజమాని. పాటలు కలిపేవాడు హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని ఇంటికొస్తాడు. ఫంక్షన్ హాల్లో సంగీత్‌కో, పుట్టినరోజుకో పిలిస్తే సౌండ్ అక్కడే ఉంటుంది, లేదా మీ బావ లాంటివాళ్ల దగ్గర అద్దెకు వస్తుంది. ఆ అద్దె ఫంక్షన్ పెట్టేవాళ్లే ఇస్తారు. పెళ్లి వేడుకల్లో పాటలకు కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఆ భయం లేదు. పబ్బులో, టికెట్ పెట్టిన న్యూ ఇయర్ పార్టీలో మాత్రం లైసెన్స్ సంగతి నిర్వాహకులను ముందే అడుగు.

ఇక చీటీ. ఏడు నెలలకు 35 వేలు కట్టారు. ఇప్పుడు పాడితే 76 వేలు చేతికొస్తాయి, ఇంకా 13 నెలలు కట్టాలి. నెల నెలా పంచే డివిడెండ్ కొంత తిరిగొచ్చినా, వదులుకునే 24 వేలు చిన్న సొమ్ము కాదు. నీ దాకా వచ్చేసరికి మీ బావ సెట్టు ధర లక్షా పది కాదు, లక్షా ముప్పై నాలుగు. బయటివాళ్ల ధరకు ఆరు వేలు తక్కువ, అంతే. మీ బాపు బట్ట కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచే మనిషి. ఆయన నీ పాటను కాదనలేదు, ఈ కొలతను కాదన్నాడు. ఆ ఇరవై నిమిషాల సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పావా? నాకు రాసినట్టు? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు.

సరే, సామాను సంగతికొద్దాం. నీకు నిజంగా కావాల్సింది ఏమిటో ఒక పాట మారే క్షణాన్ని పట్టుకుని చూద్దాం. బాక్సుల్లో 98 బీపీఎం పాట, అంటే నిమిషానికి 98 దరువులది, నడుస్తోంది. తర్వాతిది 102. జనానికి వినపడకుండా రెండోది నీ చెవిలో మాత్రమే మోగాలి. ఒక చెవికి హెడ్‌ఫోన్, ఇంకో చెవి హాలుకు. చేతికింద పాట వేగం మార్చే టెంపో స్లైడర్ ఉంటుంది. 98ని నాలుగు శాతం పైకి జరిపితే 102 దగ్గరికొస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ, ఎనిమిది నాలుగులు పూర్తయి మళ్లీ ఒకటి పడే చోట రెండో పాట వదులుతావు. అది వెంట్రుకవాసి వెనకబడితే జాగ్ వీల్ అనే గుండ్రటి చక్రం అంచును వేలితో ముందుకు నెడతావు. తర్వాత రెండో పాట శబ్దం పెంచే ఫేడర్ పైకి లేపుతూ మొదటి పాట బేస్ నాబ్ తగ్గించి, రెండోదాని బేస్ తెరుస్తావు. రెండు బేస్‌లు ఒకేసారి తెరిచి ఉంచితే సౌండ్ బురదబురద అవుతుంది. ఇంతే పని. దీనికి కావాల్సినవి రెండు పాటలు విడివిడిగా నడిపే చోటు, రెండు టెంపో స్లైడర్లు, బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు. అన్నిటికన్నా ముఖ్యం, హాలుకు ఒక దారి, చెవికి ఒక దారి ఇచ్చే సౌండ్ కార్డు. ఈ చివరిది లేని వస్తువు ఎంత మెరిసినా కొనకు.

అందుకే నీ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఈ పనికి రావు. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో చిన్న ముక్క ఆలస్యంగా చెవికి చేరుతుంది. సినిమా చూసేటప్పుడు ఫోన్ ఆ తేడాను సర్దేస్తుంది, దరువు కలిపేటప్పుడు సర్దే దిక్కు లేదు. నీకు సరిగ్గా పడిందనిపించింది హాల్లో తప్పుగా పడుతుంది. వాటిని డ్యూటీకి పోయేటప్పుడు వాడుకో. దీనికి తీగ ఉన్నదే కావాలి, బయటి శబ్దాన్ని ఆపేది, ఒక వైపు తిప్పుకోగలిగేది. 1988 నుంచి వస్తున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ఇప్పటికీ డీజేలు నిలబడే బూత్‌ల్లో కనిపిస్తుంది. అది నీకు ఇప్పుడే అక్కర్లేదు, అందులో సగం ధరదైనా నడుస్తుంది.

ఇప్పుడు దారులు. పైసా ఖర్చు లేనిది మొదటిది. మిక్స్ (Mixxx) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుని కీబోర్డుతోనే రెండు నెలలు లెక్క నేర్చుకోవచ్చు. చెవి తయారవుతుంది, చెయ్యి తయారవదు. ల్యాప్‌టాప్‌కు ఒకే ఆడియో రంధ్రం ఉంటుంది కాబట్టి చెవికి వేరే దారి కూడా ఉండదు. ఫోన్ యాప్ అన్న స్నేహితుడిదీ ఇదే దారి. ఈ మోజు రెండు నెలలు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. నీది నిలుస్తుందనే నాకనిపిస్తోంది, అయినా ఆ రెండు నెలలు వృథా కావు.

రెండోది చిన్న కంట్రోలర్. న్యూమార్క్ పార్టీ మిక్స్ లాంటివి చిన్నగా ఉంటాయి, సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. ధర నీ పొదుపులో సగం లోపే. చిక్కేమిటంటే స్లైడర్లు పొట్టివి. పొట్టి స్లైడర్ మీద వేలు కాస్త కదిపితే టెంపో చాలా కదులుతుంది, 98ని 102కి కాదు 103కి తీసుకుపోతావు. ఏడాదిలో చేతికి ఇరుకవుతుంది, అమ్మితే సగమే వస్తుంది. పిల్లల పుట్టినరోజులకు చాలు.

మూడోది, నీ స్నేహితుడు పేరు చెప్పకుండా ఊరించినది బహుశా పయొనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4. 2022 చివర్లో వచ్చింది. రికార్డ్‌బాక్స్, సెరాటో లైట్ అనే సాఫ్ట్‌వేర్లతో నడుస్తుంది, ఫోన్‌తో కూడా కలుస్తుంది. క్లబ్బుల్లోని పెద్ద పయొనీర్ సామాను ఏ వరసలో ఉంటుందో దీని మీద మీటలు కూడా దాదాపు ఆ వరసలోనే ఉంటాయి. రేపు హైదరాబాద్‌లో ఎవరి బూత్‌లోనైనా నిలబడితే చెయ్యి తడుముకోదు. కొత్తది కొంటే నీ 34 వేలూ దానికే పోతాయి. హెడ్‌ఫోన్స్‌కు డబ్బు మిగలదు, హెడ్‌ఫోన్స్ లేని కంట్రోలర్ చక్రాలున్న బొమ్మ. అందుకని దీనికి ముందు వచ్చిన డీడీజే-400 చేతులు మారినది దొరుకుతుందేమో చూడు. అది 2018లో వచ్చింది, తయారీ ఆగిపోయింది కానీ నేర్చుకోవడానికి దేనికీ తీసిపోదు. హెర్క్యులీస్ ఇన్‌పల్స్ వరసలో ఇంకో సదుపాయం ఉంది. రెండో పాటను వేగం పెంచాలో తగ్గించాలో చిన్న లైట్లు బాణంలా చూపిస్తాయి. గురువు దగ్గర లేనివాడికి అదీ ఒక గురువే. ఏది తీసుకున్నా మరీ తేడా రాదు. వీడియోల్లో ఒకదాని మీద ఇంకోదాన్ని ఎక్కించి మాట్లాడేవాళ్లు నీకు సామాను అమ్మి కమీషన్ తీసుకునేవాళ్లే కావచ్చు.

పాతది కొనేటప్పుడు ఇలా చూడు. పాట పెట్టి క్రాస్‌ఫేడర్‌ను, అంటే ఒక పాట నుంచి ఇంకో పాటకు జరిపే అడ్డ మీటను, పూర్తిగా అవతలి చివరకు జరుపు. సన్నగా వినపడుతుంటే ఫేడర్ అరిగింది. ప్రతి నాబ్‌నూ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు, గరగరమంటే లోపల దుమ్ము. టెంపో స్లైడర్‌ను నడిమధ్యకు తెచ్చినప్పుడు తెర మీద సున్నా చూపించాలి. యూఎస్‌బీ తీగను పెట్టి చిటికెన వేలితో కాస్త కదుపు. ల్యాప్‌టాప్ కనెక్షన్ పోయి వస్తుంటే మాట్లాడకుండా ఇంటికొచ్చేయి. జాగ్ వీల్ తళతళలాడుతూ ఉండి ప్లే మీట మీద రంగు పోయి ఉంటే భయపడకు. ప్లే మీట ఎక్కువ నొక్కారంటే అది పని చేసిన మనిషి చేతిలో ఉందన్నమాట.

ల్యాప్‌టాప్‌కు కొంచెం డబ్బు అట్టిపెట్టు. ర్యామ్ 8 జీబీ చేసి, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే అది ఇంకో రెండేళ్లు నడుస్తుంది. ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడివి, ఈ పని నాకన్నా నీకే బాగా తెలుసు. ఫంక్షన్‌కు పోయే ముందు వైఫై ఆపేయి. నా మాట విను, నడి సంగీత్‌లో అప్‌డేట్ మొదలైతే పెళ్లికొడుకు మేనమామ ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. పాటలు కూడా ఎక్కడపడితే అక్కడివి తెచ్చి పెట్టకు. సెల్‌ఫోన్లో బాగున్న 128 కేబీపీఎస్ (తక్కువ నాణ్యత) పాట పెద్ద బాక్సులో ఇసుక రాలినట్టు వినపడుతుంది. 320 ఉండేలా చూసుకో.

ఒకటి మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు, ఎందుకంటే అవన్నీ బయటి దేశాల పాటలతో నేర్పుతాయి. ఈ సాఫ్ట్‌వేర్లు ప్రతి పాటా నాలుగు లెక్కలో నడుస్తుందనుకుని గీతలు గీస్తాయి. మన తీన్మార్ దరువు చాలా పాటల్లో మూడేసి విరుపులతో ఊగుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి తికమక పడి బీపీఎం సగమో, ఒకటిన్నర రెట్లో చూపిస్తుంది. పాత సినిమా పాటలైతే వాద్యగాళ్లు కూర్చుని వాయించినవి. పల్లవిలో ఒక వేగం, చరణం చివర ఇంకో వేగం. రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే సింక్ మీట నొక్కి నమ్మి కూర్చుంటే అక్కడ బోర్లా పడతావు. సింక్ వాడటం పాపమని నేననను, నేనూ వాడతాను. అయితే నీ జనం ఆడేది తీన్మార్‌కు. ఆ పాటలకు నువ్వే కూర్చుని ఒకటి ఎక్కడ పడుతుందో గుర్తులు పెట్టుకోవాలి. రోజుకు రెండు పాటలు అలా చేస్తే ఆరు నెలలకు మూడొందల అరవై. మీ మండలంలో ఇంకెవరి దగ్గరా ఉండని సరుకు అది.

నాలుగో దారి మీ బావ సెట్టే. పూర్తిగా తీసిపారేయను. ఆ ప్లేయర్లు పెన్‌డ్రైవ్‌తో నడుస్తాయా, డిస్కులతోనేనా? డిస్కులతోనే అయితే లోపలి లెన్స్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం, ప్రతి పాటా డిస్కుకు ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ తీసుకుంటే సంగతి వేరు. అప్పుడు ప్లేయర్లు, మిక్సర్ మాత్రమే విడిగా ఇస్తాడేమో అడుగు. బాక్సులు, ఆంప్లిఫయర్ ఆయన దగ్గరే ఉండనీ, ఆయనకు అద్దె వస్తుంది. ఆ రెండిటికీ ధర నీ 34 వేల లోపు తేలితే, ల్యాప్‌టాప్ బెడద లేకుండా నేర్చుకోవచ్చు. నష్టం కూడా ఉంది. చెడిపోతే బాగు చేసేవాడి కోసం నువ్వు హైదరాబాద్ మోసుకుపోవాలి, చుట్టం దగ్గర కొన్నది కాబట్టి వెనక్కి ఇవ్వలేవు. చుట్టాల మధ్య సామాను చెడితే మాట కూడా చెడుతుంది.

అయిదోది నువ్వు అడగనిది. ఏమీ కొనకుండా ఈ సీజన్ మీ బావ దగ్గరే చేయడం. ఇన్నాళ్లూ చేసిన వైర్ల పని కాదు. "బావా, సెట్టు కొనే తాకత్ ఇప్పుడు లేదు. వారానికి ఒక రాత్రి నీ మిక్సర్ మీద కూసోనియ్యి. బరాత్‌లో గంట సేపు నాకియ్యి, పైసలొద్దు" అని అడుగు. ఆయనకు నువ్వు బాకీ ఉన్నది చెల్లెలి పెళ్లి సౌండ్. ఆ బాకీ లక్షా పది పెట్టి సామాను కొంటే తీరదు. ఆయన అన్నం తినడానికి పోయినప్పుడల్లా నిశ్చింతగా పోగలిగితే కొంత తీరుతుంది. ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. పాత సెట్టుకు ఇంకో గిరాకీ చూసిపెట్టు. దుకాణంలో రోజూ పదిమంది కుర్రాళ్లు నీ ముందు నిలబడతారు కదా. గిరాకీ దొరికితే ఆయనకు లక్షా నలభై వస్తుంది, లక్షా పది కాదు.

నేనైతే ఏం చేసేవాణ్నంటే, అయిదో దారిలో రెండు నెలలు నడిచి, ఆ తర్వాత మూడో దానికి వెళ్లేవాణ్ని. కానీ నీకు పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడి, ఎవరైనా సంగీత్‌కు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఈ వరస తిరగేసుకో. బాపు దగ్గర చీటీ ఊసు ఎత్తకు. ఒక నోటుబుక్కులో కంట్రోలర్ ధర, హెడ్‌ఫోన్స్ ధర, ఎస్‌ఎస్‌డీ ధర రాసి, కింద నీ 34 వేలు రాసి ఆయన కుట్టుమిషన్ పక్కన పెట్టు. అప్పు కాలమ్‌లో సున్నా కనిపిస్తే ఆయన ఇంకేం అడుగుతాడో విను. ఏమైనా అడిగితే మళ్లీ రాయి.

నా మొదటి ఫంక్షన్ సంగతి చెప్పి ఆపుతాను. అరువు తెచ్చిన ప్లేయర్లు, అరువు తెచ్చిన మిక్సర్, సొంతానివి హెడ్‌ఫోన్స్ ఒక్కటే. హాలుకు పోయి చూస్తే మిక్సర్‌కు ఉన్నది పెద్ద రంధ్రం, నా హెడ్‌ఫోన్ పిన్ను చిన్నది. మధ్యలో పెట్టే కన్వర్టర్ పిన్ను నా దగ్గర లేదు. ఆ రాత్రంతా తర్వాతి పాట ఎక్కడ మొదలవుతుందో వినకుండానే వదిలాను. మూడుచోట్ల జనం ఆట ఆపి నావైపు చూశారు. నీకొచ్చిన ఆ ఇరవై నిమిషాలు నాకు రావడానికి ఏడాది పట్టింది.

ఆదివారం మీ బావ ఇంటికి పోతావు కదా. తీగ హెడ్‌ఫోన్స్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుపో. 3.5 మిల్లీమీటర్ల నుంచి 6.3కు మార్చే కన్వర్టర్ పిన్ను మీ దుకాణంలోనే ఎక్కడో ఒక డబ్బాలో పడి ఉంటుంది. దాన్నీ జేబులో వేసుకో.